మెట్టకు నీళ్లంటే కరెంటు కూడా

(వనపర్తిలో చేసిన డాక్టర్ కె.ఎల్.రావు స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నానని తెలిసి కొందరు మిత్రులు నన్ను సూటిగానే అడిగారు: పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కె.ఎల్.రావు పేరున సభ ఎందుకు? ఆయన కృష్ణా జిల్లా మనిషి. నాగార్జునసాగర్ డిజైన్‌లో ఆయన చెయ్యి ఉంది. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. ఇవన్నీ మనకు దిగువన ఉన్నవి. ఎగువన ఉన్న మన చెల్కలకు ఆయన కాలంలో ఏం దక్కిందని వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నను పక్కకు నెట్టి పొగడ్తలతో సరిపుచ్చితే ఆయనకూ గౌరవం కాదు, మీకూ న్యాయం కాదు. అందుకే దానికి జవాబు చెప్పడంతోనే మొదలుపెడతాను.

కానూరి లక్ష్మణరావు గారు 1902 జులై 15న కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోయింది. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివారు. తర్వాత బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1963 నుంచి పదేళ్లపాటు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ సహాయ మంత్రిగా ఉన్నారు. తన ఆత్మకథకు 'ది క్యూసెక్స్ క్యాండిడేట్' అని పేరు పెట్టుకున్నారు. నీళ్ల లెక్కతోనే తనను జనం గుర్తుంచుకోవాలని కోరుకున్న మనిషి ఆయన. 1986లో కన్నుమూశారు.

ఆయన పదేళ్లు కూర్చున్న ఆ శాఖ పేరులో రెండు మాటలున్నాయి: నీటిపారుదల, విద్యుత్. ఆ రెండూ ఒకే శాఖ కింద, ఒకే బల్ల మీద ఉన్న కాలం అది. ఆ తర్వాత విడిపోయాయి. అవి విడిపోవడం డెల్టా రైతుకు పెద్దగా తెలియలేదు, ఎందుకంటే అతని నీళ్లు వాలున వస్తాయి. మనకు మాత్రం ఆ విడిపోవడం ఏటా, ప్రతి తడికీ తగులుతూనే ఉంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కృష్ణ ఒడ్డున ఉండి కృష్ణ కంటే ఎత్తున ఉన్న మనకు, నీటి కేటాయింపు కరెంటుతో కలిసి వస్తేనే కేటాయింపు. కరెంటు లేని టీఎంసీ కాగితం మీద మిగిలిపోతుంది. ఢిల్లీ ఈ రెంటినీ మళ్లీ ఒకే బల్ల మీద పెట్టి చూడాలి. కె.ఎల్.రావు గారి పేరున ఆ మాట అడగడం సమంజసమని నా నమ్మకం.

ఒక శాఖ కథ

ఈ శాఖకు పునాది స్వాతంత్ర్యానికి ముందే పడింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ చేతిలోనే నీటిపారుదల, విద్యుత్ విషయాలు కూడా ఉండేవి. నదిని ఒకేసారి వరద నివారణకు, సాగుకు, కరెంటుకు వాడుకోవాలన్న బహుళార్థ సాధక ఆలోచన మన దేశంలో విధానంగా రూపు దిద్దుకున్నది అప్పుడే. ఈనాటి కేంద్ర జలసంఘానికి మూలమైన సంస్థ 1945లో ఏర్పడింది. 1948లో వచ్చిన దామోదర్ లోయ కార్పొరేషన్ ఆ ఆలోచనకు తొలి పంట.

1952లో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ ఏర్పడింది. భాక్రా, హీరాకుడ్, నాగార్జునసాగర్ ఆ శాఖ కాలం నాటివి. ఇరవై రెండేళ్లు నడిచాక, 1974లో దాన్ని రెండుగా చీల్చారు. నీటిపారుదల వ్యవసాయం పక్కకు వెళ్లింది, విద్యుత్ ఇంధన శాఖకు వెళ్లింది. 1985 మొదట్లో కొన్ని నెలలు మళ్లీ కలిపారు. అదే ఏడాది సెప్టెంబరులో జలవనరుల శాఖను విడిగా ఏర్పాటు చేశారు. 1992లో విద్యుత్ శాఖ పూర్తిగా వేరైంది. సౌర విద్యుత్ లాంటివి చూసుకోవడానికి అదే ఏడాది ఇంకో శాఖ పుట్టింది. 2019 మే నెలలో జలవనరుల శాఖనూ తాగునీటి శాఖనూ కలిపి జలశక్తి శాఖ అన్నారు. సాగునీరు, తాగునీరు ఒక గూటికి చేరడం మంచిదే. కానీ ఆ నీటిని ఎత్తిపోసే కరెంటు వేరే భవనంలోనే ఉండిపోయింది.

రాజ్యాంగంలో నీళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో 56వ అంశం. విద్యుత్ ఉమ్మడి జాబితాలో ఉంది. అంటే కొల్లాపూర్ దగ్గర ఎత్తిపోసిన ఒక చెంబు నీళ్ల మీద మూడు జాబితాల నీడ పడుతుంది. రాష్ట్రం కాలువ తవ్వుతుంది. కేంద్ర జలసంఘం నీటి లభ్యత తేలుస్తుంది. ట్రిబ్యునల్ వాటా చెబుతుంది. కరెంటు సంగతి ఇంకెవరో చూస్తారు. ఈ నాలుగూ కలిసే చోటు ఒక్కటే ఉంది: రైతు పొలం గట్టు.

వాలు పోయిన సంవత్సరం

మన నీళ్లకు కరెంటు ఎందుకు కావలసి వచ్చింది? నేల ఎత్తుగా ఉంది కాబట్టి అన్నది సగం జవాబే. మిగతా సగం చరిత్రలో ఉంది.

గద్వాల, అలంపూర్ తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. హైదరాబాద్ రాష్ట్రం తలపెట్టిన ప్రణాళికల్లో తుంగభద్ర ఎడమ కాలువను ఈ తాలూకాల దాకా తీసుకురావాలన్నది ఒకటి. ఎగువ కృష్ణా, భీమా ప్రాజెక్టుల నుంచి మహబూబ్‌నగర్ జిల్లాకు కాలువలు రావాలన్నది మరొకటి. ఎగువన నదికి అడ్డుకట్ట వేసి, అక్కడి నుంచి వాలు పట్టుకుని కాలువ తవ్వితే పంపు అవసరం లేకుండా నీళ్లు మన చెల్కల్లోకి వచ్చేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారాయి. రాయచూరు, గుల్బర్గా మైసూరు రాష్ట్రంలోకి వెళ్లాయి. గద్వాల, అలంపూర్ మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. నది మనకు ఉంది, కానీ కాలువ బయలుదేరాల్సిన ఎత్తు పక్క రాష్ట్రానికి పోయింది. ఆ రోజు మనం పోగొట్టుకున్నది వాలు. ఆ వాలుకు బదులుగా ఇప్పుడు మనం కట్టుకుంటున్నది కరెంటు బిల్లు.

రాజోలిబండ మళ్లింపు పథకం ఈ కథకు సజీవ సాక్ష్యం. తుంగభద్ర మీద ఆనకట్ట కర్ణాటక వైపు ఉంది. 143 కిలోమీటర్ల కాలువలో మొదటి 42 కిలోమీటర్ల పైచిలుకు కర్ణాటకలోనే నడుస్తుంది. మన వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు, కేటాయింపు 15.9 టీఎంసీలు. వాలున వచ్చే కాలువే అయినా చివరి ఆయకట్టుకు ఏనాడూ నిండుగా పారలేదు. ఆ చివరి ఊళ్లలో ఖరీఫ్ మధ్యలో తూము దగ్గరికి వెళ్లి చూడండి. తూము గేటు ఎత్తే ఉంటుంది. కాలువ అడుగున పగిలిన ఒండ్రు మీద తుంగ మొలిచి ఉంటుంది. లష్కర్ సైకిలు దిగి పైన ఎంత లోతు పారుతోందో ఫోన్లో కనుక్కుంటాడు. రైతులు అతని మొహం చూసి సంగతి గ్రహిస్తారు, నారుమడి దున్నేయాలా ఇంకో వారం ఆగాలా అని తమలో తాము మాట్లాడుకుంటారు. కేటాయింపు ఉండి కూడా నీళ్లు రాని నేల అది. ఆ లోటు పూడ్చడానికి చివరికి తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల కట్టుకోవలసి వచ్చింది. వాలు కాలువ చివర్లో కూడా మనకు పంపే గతి అయింది.

ఈ అన్యాయం ఢిల్లీకి తెలియదని అనలేం. కె.ఎల్.రావు గారు మంత్రిగా ఉండగానే, 1969 ఏప్రిల్ 10న, జస్టిస్ ఆర్.ఎస్.బచావత్ అధ్యక్షతన కృష్ణా జలవివాదాల ట్రిబ్యునల్ ఏర్పడింది. 1973 డిసెంబరులో నిర్ణయం ప్రకటించింది. 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలు లెక్కగట్టి, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు ఇచ్చింది. పునరుత్పత్తి జలాలు కలిపితే 811. హైదరాబాద్ రాష్ట్రం విడిపోకుండా ఉంటే మహబూబ్‌నగర్ ప్రాంతవాసులకు సాగునీటి అవకాశాలు మెరుగ్గా ఉండేవన్న మాటను ట్రిబ్యునల్ గుర్తించింది. ఆ గుర్తింపుతోనే జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించింది. పోయిన వాలుకు పరిహారంగా మనకు దక్కిన అంకె అది. జూరాలకు 1981లో శంకుస్థాపన జరిగింది. నీళ్లు పొలాల్లోకి రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. దాని కాలువల కింద లక్ష ఎకరాల పైచిలుకు పారుతోంది. మిగతా నేలంతా ఆ కాలువ గట్టుకు పైనే ఉంది.

కరెంటు కోసం ఇచ్చిన నేల

ఇక శ్రీశైలం. 1963 జులై 24న పండిత నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. కె.ఎల్.రావు గారు మంత్రి అయిన ఏడాదే అది. మొదట అది జలవిద్యుత్ ప్రాజెక్టు. కృష్ణ ఒడ్డున మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు, లక్ష ఎకరాల నేల నీట మునిగాయి. లక్ష మంది దాకా ఊరు విడిచారు. 1981లో ఇళ్లు కూల్చి మరీ జనాన్ని ఖాళీ చేయించారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని, సోమశిల సోమేశ్వరాలయాన్ని, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, మరోచోట మళ్లీ కట్టారు. దేవుళ్లను ఎత్తున నిలబెట్టారు. మనుషుల్లో చాలామంది కూలికి వలసపోయారు.

ఆ మునక నేల కృష్ణ ఒండ్రు పట్టిన మంచి నేల. అది కరెంటు కోసం పోయింది. కుడిగట్టున 770 మెగావాట్లు, తర్వాత ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్లు వచ్చాయి. ఎడమగట్టు కేంద్రం మన నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలోనే ఉంది. దశాబ్దాలపాటు ఆ కరెంటు పట్నాలకు, ఫ్యాక్టరీలకు, డెల్టాకు వెలుగిచ్చింది. మునిగిన ఊళ్ల పక్క ఊళ్ల వాళ్లు మాత్రం రాత్రిపూట వచ్చే వ్యవసాయ కరెంటు కోసం బోరు దగ్గర మేలుకుని, చీకట్లో స్టార్టర్ నొక్కబోయి పాముకాటుకు గురయ్యారు. నది వాళ్ల ఊరిని తీసుకుంది, నది ఇచ్చిన కరెంటు వాళ్లను దాటి వెళ్లింది.

ఇది ఒక్క మనిషి మీద వేసే నింద కాదు. ఆ కాలపు ఇంజినీరింగ్ ఆలోచనలో నదీ జలాల విలువను పంట ఎకరాల్లోనూ మెగావాట్లలోనూ విడివిడిగా కొలిచారు. ఒక చోట మునిగిన ఎకరానికి, దాని పక్కనే ఎండుతున్న ఎకరానికి, రెంటి మధ్య ఉత్పత్తైన యూనిట్‌కు ఉన్న సంబంధాన్ని ఎవరూ లెక్కగట్టలేదు. ఆ లెక్క గట్టగల శాఖ అప్పుడు ఉంది. లెక్క జరగకముందే ఆ శాఖను చీల్చేశారు.

ఒక టీఎంసీ బరువు

ఇక్కడ విద్యార్థులు ఉన్నారు కాబట్టి ఒక లెక్క చేద్దాం. కావాలంటే నోటుబుక్కు తీయండి.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మెట్రిక్‌లో 2.83 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 2.83 కోట్ల టన్నుల బరువు. ఆ బరువును వంద మీటర్లు పైకి ఎత్తడానికి, పంపులో ఒక్క శాతం నష్టం లేకపోయినా, 77 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. పంపు, మోటారు, పైపు నష్టాలు కలిపితే దాదాపు కోటి యూనిట్లు. ఇది భౌతికశాస్త్రం. ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ మంత్రి మారినా ఈ అంకె మారదు.

ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల చూడండి. కొల్లాపూర్ మండలం ఎల్లూరు దగ్గర మొదటి అంచె, జొన్నలబొగుడ దగ్గర రెండోది, గుడిపల్లిగట్టు దగ్గర మూడోది. ఒక్కో అంచెలో 30 మెగావాట్ల పంపులు ఐదు, మొత్తం పదిహేను. మూడు అంచెలూ కలిపి నీరు ఎక్కే ఎత్తు దాదాపు 300 మీటర్లు. మూడో అంచె దాటిన ప్రతి టీఎంసీకి మూడు కోట్ల యూనిట్ల దాకా ఖర్చవుతుంది. పాలమూరు-రంగారెడ్డి పథకానికి 2015 జూన్‌లో పునాది వేశారు. అందులో ఒక్కో పంపు 145 మెగావాట్లు. నార్లాపూర్, ఏదుల, వట్టెం అంటూ అంచె తర్వాత అంచెగా, ఒక్కో చోట వంద మీటర్లకు పైగా ఎత్తాలి. రోజుకు 1.5 టీఎంసీ చొప్పున 60 రోజుల వరదలో 90 టీఎంసీలు తీసుకోవాలన్నది ప్రణాళిక. రోజుకు 1.5 టీఎంసీని వంద మీటర్లు ఎత్తాలంటే దాదాపు 600 మెగావాట్లు ఆగకుండా కావాలి. ఎగువ జూరాల జలవిద్యుత్ కేంద్రం 234 మెగావాట్లు, దిగువ జూరాల 240. రెండూ నిండుగా తిరిగినా కలిపి 474. ఆ ఒక్క అంచెకే చాలవు.

ఎల్లూరు దగ్గర రేగుమానుగడ్డ పంప్‌హౌస్‌ను ఒకసారైనా చూడండి. శ్రీశైలం వెనక నీళ్లు అప్రోచ్ కాలువలోకి వచ్చి, సొరంగం గుండా సర్జ్‌పూల్‌కు చేరతాయి. మెట్లు దిగుతూ పోతే గాలి చల్లబడుతుంది, నూనె వాసన, తడి సిమెంటు వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. కంట్రోల్ రూంలో ఆపరేటర్ ముందుగా సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లోడ్ తీసుకోవచ్చా అని అడుగుతాడు. అటు నుంచి సరే అన్న మాట వచ్చాకే పంపు తిరుగుతుంది. కాళ్ల కింద నేల సన్నగా వణకడం తెలుస్తుంది. కొద్దిసేపటికి పైన డెలివరీ సిస్టెర్న్‌లో నీళ్లు తెల్లగా పొంగి కాలువలోకి దూకుతాయి. గట్టు మీద ఆడవాళ్లు దోసిలితో తీసుకుని పసుపు కుంకుమ చల్లుతారు. ఆ నీళ్లకు మూలం నదే అయినా, వాటిని కాలువకెక్కించింది ఆ ఫోన్ కాల్. అటు నుంచి కరెంటు లేదన్న జవాబొస్తే, బచావత్ ఇచ్చిన వాటా అయినా, ఇప్పుడున్న ట్రిబ్యునల్ ఇవ్వబోయే వాటా అయినా పంపు కిందే నిలిచిపోతుంది.

కె.ఎల్.రావు గారికి ఈ విషయం చాలా ముందే అనుభవంలోకి వచ్చింది. 1972లో ఆయన గంగా-కావేరీ అనుసంధానం ప్రతిపాదించారు. పాట్నా దగ్గర గంగ వరద నుంచి 60,000 క్యూసెక్కులు ఏడాదికి 150 రోజులు తీసుకుని 2,640 కిలోమీటర్ల దూరం దక్షిణానికి తేవాలన్నది ఆ ప్రతిపాదన. అందులో ఎక్కువ నీళ్లను 549 మీటర్లు ఎత్తాలి. అందుకు 5,000 నుంచి 7,000 మెగావాట్ల కరెంటు కావాలని కేంద్ర జలసంఘం తేల్చింది. ఆనాటి దేశానికి అది తలకు మించిన భారం. ఆ ఖర్చుతో, ఆ కరెంటుతో ప్రతిపాదన ఆగిపోయింది. ఆ మహా ప్రణాళికను ఆపింది నీటి కొరత కంటే ముందు కరెంటు కొరత. దేశంలో నీటిపారుదలకు ఆ పదేళ్లూ ముఖ్యమైన గొంతుగా ఉన్న మనిషికే ఎత్తిపోతల అసలు ధర ఏమిటో నది నేర్పింది. ఆ పాఠాన్ని మన కోసం వాడుకోవాల్సిన అవసరం ఇప్పుడు వచ్చింది.

ఎత్తిపోతలకు చెల్లించిన మూల్యం

ఈ బరువును ఎత్తే పనిలో మనుషుల ప్రాణాలు కూడా పోతున్నాయి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది ఇంజినీర్లు, సిబ్బంది చనిపోయారు. చివరి దాకా యంత్రాలను కాపాడే ప్రయత్నం చేసి బయటకు రాలేకపోయినవాళ్లు వాళ్లు. అదే ఏడాది అక్టోబరులో ఎల్లూరు పంప్‌హౌస్ నీట మునిగింది. 2024 సెప్టెంబరులో వట్టెం పంప్‌హౌస్‌లోకి వరద చేరింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ప్రాణాలతో ఒక్కరూ బయటపడలేదు. దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగాన్ని తవ్వుతున్నది పంపు లేకుండా వాలున నల్లగొండకు నీళ్లు తీసుకుపోదామనే. కరెంటు లేని దారి వెతకడంలో కూడా మనం ప్రాణాలతో మూల్యం చెల్లించాం. చనిపోయినవాళ్లందరికీ ఈ సభ తరఫున నివాళి అర్పిస్తున్నాను.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ పేరు వినిపించేది. మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని, గుంపులు గుంపులుగా పిల్లాపాపలతో వెళ్లి, గుడిసెల్లో ఉండి రాళ్లు మోశారు. నాగార్జునసాగర్ రాతి కట్టడమైన ఆనకట్ట, యంత్రాల కంటే మనుషుల చేతుల మీద ఎక్కువ లేచింది. ఆ చేతుల్లో మనవాళ్లవి ఎన్నో. దేశానికి ఆనకట్టలు కట్టినవాళ్ల ఊళ్లకు నీళ్లెక్కించడానికి కరెంటు ఇవ్వడం దయ కాదు, బాకీ.

చట్టంలో దారి ఉంది

ఇంత చెప్పాక పరిష్కారం ఏమిటి? దారి ఇప్పటికే చట్టంలో ఉందని నా అభిప్రాయం. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 85వ సెక్షన్ కృష్ణా నదీ యాజమాన్య బోర్డు పనులను చెబుతుంది. ప్రాజెక్టుల నుంచి నీటి సరఫరా నియంత్రణ ఒక పని. అక్కడ ఉత్పత్తయ్యే కరెంటు సరఫరా నియంత్రణ ఇంకో పని. 1974లో విడిపోయిన ఆ రెండు విషయాలను, కనీసం కృష్ణ మీద, పార్లమెంటే మళ్లీ కలిపింది. 2021లో శ్రీశైలం ఎడమగట్టున కరెంటు ఉత్పత్తి మీద రెండు రాష్ట్రాల మధ్య గొడవ ముదిరింది. జులై 15న జలశక్తి శాఖ బోర్డు పరిధిని చెబుతూ గెజిట్ ఇచ్చింది. ఆ గొడవ నిజానికి నీళ్లదా, కరెంటుదా? రెండూనూ. అయినా బోర్డు ముందుకు ఎప్పుడూ అది తగవుగానే వస్తోంది. మెట్టకు ఎత్తిపోసే కరెంటును అదే బల్ల మీద, హక్కుగా, ముందుగానే తేల్చే పద్ధతి ఇంకా రాలేదు.

వరద రోజుల సంగతే చూడండి. జులై నుంచి అక్టోబరు దాకా కృష్ణకు వరద వచ్చినప్పుడే మన పంపులు తిరగాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే జూరాల, శ్రీశైలం టర్బైన్లు కూడా నిండుగా తిరుగుతాయి. నీళ్లు ఎక్కువగా ఉన్న రోజులే, జలవిద్యుత్ ఎక్కువగా ఉన్న రోజులే, ఎత్తిపోతలకు కరెంటు ఎక్కువ కావలసిన రోజులు. ప్రకృతే ఈ మూడింటినీ ఒకే నెలల్లో పెట్టింది. నీళ్లను, కరెంటును చూసే కార్యాలయాలు కలిసి కూర్చుంటే ఈ మూడూ ఒక ప్రణాళిక అవుతాయి. అందుకే ఈ సభ తరఫున కేంద్రాన్ని మూడు విషయాలు అడుగుతున్నాను.

ఒకటి. కరువు ప్రాంత ప్రాజెక్టులకు లాభ వ్యయ నిష్పత్తి 1 ఉంటే చాలని కేంద్రం ఎప్పుడో ఒప్పుకుంది. మిగతా ప్రాంతాలకు 1.5. కరువు నేలకు తక్కువ లాభమైనా న్యాయమేనన్న ఆ సూత్రాన్ని ఎత్తిపోతల కరెంటుకూ విస్తరించాలి. రాజీవ్ భీమా ఎత్తిపోతల కేంద్ర సత్వర సాగునీటి ప్రయోజన పథకంలో చేరింది, నిర్మాణానికి సాయం అందింది. కానీ ఆ పథకం కాలువ కట్టడం దాకానే చూస్తుంది. పంపు తిప్పే ఖర్చు మొత్తం రాష్ట్రం మీదే పడుతుంది. రాష్ట్రం ఖజానా తడబడిన ఏడాది పంపులూ తడబడతాయి. ఆ భారంలో కేంద్రానికీ వాటా ఉండాలి.

రెండు. వరద నెలల్లో కృష్ణ మీది జలవిద్యుత్‌లో ఒక నిర్ణీత భాగం మెట్ట ఎత్తిపోతలకు ముందుగా వెళ్లాలని, బోర్డు నీటి విడుదల ఉత్తర్వుతో పాటే లోడ్ ఉత్తర్వు కూడా ఇవ్వాలని 85వ సెక్షన్ కింద నియమం చేయాలి. జలశక్తి శాఖ, విద్యుత్ శాఖ, కేంద్ర జలసంఘం, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఆ నియమం మీద సంతకాలు పెట్టాలి.

మూడు. పాలమూరు-రంగారెడ్డికి రాష్ట్రం 45 టీఎంసీలు చిన్ననీటి వనరుల పొదుపు నుంచి, 45 టీఎంసీలు గోదావరి మళ్లింపు వాటా నుంచి చూపింది. దాని సమగ్ర నివేదిక కేంద్ర జలసంఘం నుంచి వెనక్కి వచ్చింది. 2023 అక్టోబరులో కేంద్రం జస్టిస్ బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇచ్చాక, కృష్ణలో తెలంగాణ వాటా అక్కడ తేలాల్సి ఉంది. కల్వకుర్తి, నెట్టెంపాడు ఎత్తిపోతల పేర్లు పునర్విభజన చట్టం పదకొండో షెడ్యూలులోనే ఉన్నాయి. ట్రిబ్యునల్ ముందు మనం టీఎంసీల అంకెతో ఆగకూడదు. ఆ నీళ్లు ఏ ఎత్తుకు, ఏ నెలలో, ఎన్ని యూనిట్లతో చేరతాయో కూడా రికార్డులో పెట్టాలి. 1956లో పోయిన వాలు లెక్క అందులో కనిపించాలి. 1973లో బచావత్ దాన్ని గుర్తించారు. రెండో ట్రిబ్యునల్ దానికి విలువ కట్టాలి.

కొందరు అంటారు, ఇంత కరెంటు పోసి నీళ్లు ఎత్తడం దండగ, మెట్టలో ఆరుతడి పంటలు వేసుకోండి అని. ఆరుతడి పంటలు వేయాల్సిందే. ఎత్తిపోసిన నీళ్లతో వరి తర్వాత వరి వేస్తే ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో మనమే లెక్కగట్టి, వేరుశనగకు, కందికి, పండ్ల తోటలకు బిందుసేద్యం వైపు వెళ్లాలి. మన పాతకాలపు గొలుసుకట్టు చెరువులు, శ్రీరంగాపురం రంగసముద్రం, నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం, సింగోటం శ్రీవారి సముద్రం వానను ఆపి నేల లోపలికి ఇంకించేవి. ఎత్తిపోసిన నీళ్లను ఆ చెరువుల్లో నిలబెడితే బోర్లలో మట్టం పెరుగుతుంది, ఒకసారి పెట్టిన కరెంటు రెండు పంటలకు పనికొస్తుంది. కానీ పొదుపు మన బాధ్యత అయినంత మాత్రాన కేంద్రం బాధ్యత తగ్గదు. ఎంత నీరు పొదుపుగా వాడినా ఆ నీరు ముందు గట్టెక్కాలి.

విద్యార్థులతో

చివరగా వెనక వరసల్లో ఉన్న మీతో. మీలో సివిల్ చదివేవాళ్లు కొందరు, ఎలక్ట్రికల్ చదివేవాళ్లు కొందరు. ఉద్యోగాల్లో మిమ్మల్ని వేరువేరు శాఖల్లో వేస్తారు. సివిల్ వాళ్లు కాలువ లైనింగ్ చూస్తారు, ఎలక్ట్రికల్ వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ చూస్తారు. మీ ఊరి రైతుకు ఆ రెండూ ఒకటే సమస్య. ఒకరి పుస్తకం ఒకరు చదవండి. ప్రాజెక్టు నివేదికలో ఒక్క పేజీ చదివినా, ముందు ఆయకట్టు ఎంత అని కాకుండా ఎత్తు ఎంత, యూనిట్లెన్ని, ఏ నెలల్లో అని చూడండి. ఢిల్లీలో మన మాట బలహీనంగా వినిపించిన సందర్భాల్లో కోపం తక్కువై కాదు, కాగితం తక్కువై అలా జరిగింది. ఒక్కో డిస్ట్రిబ్యూటరీకి ఏ రోజు ఎంత నీరు వచ్చింది, పంపు ఎన్ని గంటలు ఆగింది, ఎందుకు ఆగింది అన్న వివరాలను మీరు రాసి పెట్టండి. ఆ కాగితాలు రేపు ట్రిబ్యునల్ ముందు సాక్ష్యాలవుతాయి.

కె.ఎల్.రావు గారు నీళ్లనూ కరెంటునూ కలిపి చూసే శాఖలో పదేళ్లు పనిచేశారు. ఆ శాఖ ఇప్పుడు లేదు. దాన్ని తిరిగి నిర్మించమని అడిగే హక్కు, దాని వల్ల ఊళ్లు కోల్పోయిన మనకు అందరికంటే ఎక్కువ ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతుకు ఇచ్చే ప్రతి టీఎంసీ పక్కన దాన్ని పైకి తెచ్చే యూనిట్ల అంకె కూడా రాసి ఇవ్వాలని మనం అడగాలి. ఆ రెండు అంకెలూ ఒకే ఉత్తర్వులో వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.